అటక మీద అత్తమ్మ సకినాలు

సంక్రాంతికి ఇల్లు దులిపే పనిలో పడ్డారా, అక్కయ్యలూ, చెల్లెమ్మలూ? అటక మీది సామాను దించేటప్పుడు పాత కంప్యూటరు ఏదైనా కనిపిస్తే కబాడీవాడికి తూకానికి వేసెయ్యకండి. ముందు ఒకసారి తెరిచి చూడండి. ఎందుకో చెబుతాను.

మాది పాతబస్తీలో ఉప్పుగూడ. మా అటక మీద ఇత్తడి గంగాళంలో, పాత చీర చుట్టి ఉన్న ఏసూస్ ఈ పీసీ దొరికింది. 2007లో వచ్చిన ఇలాంటి చిట్టి కంప్యూటర్లను నెట్‌బుక్ అనేవారు. ఏడంగుళాల తెర, కిలోకి తక్కువ బరువు, లోపల చోటు మొత్తం 4 జీబీ. ఇవాళ మన ఫోన్లో పండగ వీడియోలకే అది చాలదు! 2009లో మా మరిది కొత్తది కొనుక్కుని దీన్ని నాకిస్తూ, "వదినా, ఇందులో విండోస్ ఉండదు, లినక్స్ ఉంటుంది, భయపడకు" అన్నాడు. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన నాకు రెండూ ఒకటే.

లినక్స్ అంటే ఏమిటంటారా? ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకీ ఇవ్వొచ్చు అని వదిలిపెట్టినది. పక్కింటావిడ దగ్గర చారుపొడి కొలతలు తెచ్చుకుని, రెండు మిరపకాయలు తగ్గించి చెల్లెలికి చెప్పమూ, అలాగే. మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులోనే లినక్స్ తయారుచేశారు కూడా.

మరిది నాకు తెలుగు టైపు నేర్పాడు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. కె మీట నొక్కితే 'క', డి నొక్కితే పొల్లు. 'అక్క' అని కొట్టడానికి మొదట్లో అన్నం ఉడికేంత సేపు పట్టేది. మీటలు మరీ చిన్నవి, గాజు తగిలితే ఇంకేదో అక్షరం పడేది.

మధ్యాహ్నాలు అత్తమ్మ చాటలో బియ్యం ఏరుతూ చెబుతుంటే నేను కొట్టేదాన్ని. "మానికెడు బియ్యానికి సోలెడు నువ్వులు. పిండి ఆరనియ్యకు, తడి మీదనే చుట్టాలె." ఆమె మాట ఆమె యాసలోనే ఎక్కించాను. అన్నీ నోటుపుస్తకంలోకీ రాసుకున్నాను కాబట్టి, ఛార్జింగు నిలవక నెట్‌బుక్ అటకెక్కినా బెంగపడలేదు.

2016లో అత్తమ్మ పోయారు. 2020 అక్టోబరు 13 రాత్రి వాన మీకు గుర్తుండే ఉంటుంది. మా వీధి వీధంతా మునిగింది, వంటింట్లో నడుములోతు నీళ్లు. నోటుపుస్తకం గుజ్జయింది. అప్పటినుంచీ సకినాలు కంటి అందాజుతోనే. ఒక ముక్క కొరకడం, "అమ్మ చేసినట్టు లేవు" అనడం మా ఇంటాయనకు ఏటా అలవాటైపోయింది.

మొన్న బ్యాటరీ తీసేసి ఛార్జరు మీదే పెడితే నెట్‌బుక్ వెలిగింది! తేదీ ఎప్పటిదో చూపించింది గానీ ఫైళ్లు చెక్కుచెదరలేదు. పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఫోన్లో తెరిస్తే అక్షరం అక్షరం వచ్చింది. అప్పట్లో డీటీపీ షాపుల్లో కొట్టించిన శుభలేఖల ఫైళ్లు ఇప్పుడు తెరిస్తే, ఆ ఫాంటు లేక పిచ్చిగీతలు వస్తాయి. నావి యూనికోడ్‌లో ఉన్నాయి, అందుకే బతికాయి.

మీరూ తెరిస్తే కాస్త జాగ్రత్త. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగు అసలు పెట్టకండి, తీయబోయి గుచ్చనూ వద్దు, షాపువాడికి చూపించండి. ఛార్జరు దానిదే వాడండి. ఇంటర్నెట్ తగిలించకుండా ముందు మీ ఫొటోలు, రాతలు పెన్‌డ్రైవులోకి దించుకోండి.

ఒక ఫైలు మాత్రం సగంలో ఆగింది. 'సద్దుల బతుకమ్మ మలీద' అని పేరుంది. "రొట్టెలు వేడి మీదనే నలుపు, బెల్లం తురుము, ఇగ అండ్ల..." అంతే. అప్పుడెవరో తలుపు కొట్టినట్టున్నారు. మీ ఇళ్లల్లో ఆ తర్వాత ఏం కలుపుతారో రాయండి, ఈసారి బతుకమ్మకు చేసి చూస్తాను.