పిల్లవాని మౌనాన్ని చదవవలసినది ఎవరు?

కొత్త విద్యాసంవత్సరం మొదలయిన ప్రతిసారీ సరిహద్దు గ్రామాల బడులలో ఒక ఫిర్యాదు వినవస్తుంది. "ఈ పిల్లలు మందకొడిగా ఉన్నారు, ఎంత అడిగినా నోరు విప్పరు" అని. బడిగంట మ్రోగిన మరుక్షణం అదే పిల్లలు వీధిలో తెలుగున గలగల మాట్లాడుకొనడం అందరూ చూస్తున్నదే. అట్లయిన ఆ మౌనం పిల్లవాని గుణమా, లేక బడి కల్పించిన స్థితియా? బీదరు జిల్లా తెలుగు కుటుంబాల భవిష్యత్తు ఈ ప్రశ్నకు దొరికే సమాధానంపై ఆధారపడి ఉన్నది.

ఈ ప్రశ్ననే జీవితకాల పరిశోధనగా స్వీకరించిన విద్యా మానవశాస్త్రవేత్త జాన్ ఒగ్బు. నైజీరియాలో 1939లో జన్మించి, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 2003లో మరణించారు. ఆయన మార్కుల పట్టికలతో తృప్తిపడలేదు. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణపు పేదవాడలో కాలం గడిపి, తల్లిదండ్రులతోను, ఉపాధ్యాయులతోను, పిల్లలతోను మాట్లాడి 1974లో గ్రంథం వెలువరించారు. పిల్లలు బాగా చదివినా, చదవకపోయినా ఏటేటా వారికి అదే మధ్యరకపు గ్రేడు పడుతున్నదని ఆయన గమనించారు. శ్రమకు ఫలితం కనబడనిచోట శ్రమించాలనే కోరిక నిలువదు కదా!

ఆయన చేసిన మరొక విభజన మనకు మరింత ఉపయుక్తమైనది. మెరుగైన బ్రతుకు కోరి స్వయంగా వలసవెళ్లిన అల్పసంఖ్యాకులు వేరు, తమ ప్రమేయం లేకుండా చరిత్ర ఆ స్థితిలోకి నెట్టినవారు వేరు. జపానులో చదువున వెనుకబడిన కొరియా సంతతి పిల్లలే అమెరికాలో చక్కగా రాణించడాన్ని ఆయన ఉదాహరణగా చూపారు. లోపం జాతిలో లేదు, బుద్ధిలో లేదు. బడికీ సమాజానికీ నడుమ ఏర్పడిన సంబంధంలో ఉన్నది. ఆయన సిద్ధాంతం తప్పును తిరిగి బాధిత సమాజాల వైఖరిపైకే నెట్టుతున్నదని విమర్శించిన పండితులూ ఉన్నారు. ఆ హెచ్చరికను మనస్సులో ఉంచుకొనే ఆయన ప్రశ్నను మన నేలపై అడుగుదాం.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం విభజింపబడినప్పుడు నాటి బీదరు జిల్లా కూడా మూడు రాష్ట్రాల పాలయినది. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, ఔరాదు తాలూకాలు మైసూరు రాష్ట్రానికి వచ్చాయి. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు జిల్లాలో చేరాయి. ఉద్గీరు, నీలంగా, అహమద్‌పూరు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. మనలో అనేకుల పూర్వులు ఎక్కడికీ వలసపోలేదు. వారి ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు, గీత మాత్రమే కదిలింది. నల్లజాతి ప్రజలు అనుభవించిన బానిసత్వంతో మన స్థితిని పోల్చడం అతిశయోక్తి అవుతుంది. కాని కోరి వచ్చిన అతిథులవలె మనలను చూడడం కూడా అన్యాయమే.

చట్టం ఈ సంగతి ఎరుగనిది కాదు. అదే 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని చెప్పింది. తరగతికి 10 మంది లేదా బడికి 40 మంది పిల్లలుంటే ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రం 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నాటిది. 2009 విద్యాహక్కు చట్టమూ మాతృభాషా బోధనను చెప్పింది, అయితే "సాధ్యమైనంతవరకు" అన్న మాట చేర్చి. న్యాయవాదిగా చెబుతున్నాను, ఆ ఒక్క మాట చాటున ఎన్ని బాధ్యతలనైనా దాచవచ్చు. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక ప్రభుత్వపు కేసులో, మాతృభాషా మాధ్యమాన్ని రాజ్యం నిర్బంధించరాదని, ఎంపిక తల్లిదండ్రులదేనని తీర్పు చెప్పింది. స్వేచ్ఛ దృష్ట్యా అది గొప్ప తీర్పే. కాని రుసుము కట్టగలవానికి ఆంగ్ల మాధ్యమం ఎంపిక అవుతుంది. కూలి చేసుకొనే తల్లికి ఊరిలో ఉన్న ఒకే బడి ఎంపిక ఎట్లా అవుతుంది?

ఇక్కడ మనలను మనమూ ప్రశ్నించుకోవాలి. భాషోద్యమ వేదికలెక్కే కుటుంబాల పిల్లలు ఏ బడులలో ఉన్నారు? చివరి బల్లపై మౌనంగా కూర్చున్నవారిలో దళితులెందరు, వ్యవసాయ కూలీల పిల్లలెందరు? తండాలోని లంబాడీ బిడ్డకు కన్నడమూ ఇంటిభాష కాదు, తెలుగూ కాదు. గీతకు ఆవల జహీరాబాదు, నారాయణఖేడు పల్లెలలో కన్నడం మాట్లాడే బిడ్డకూ ఇదే హక్కు ఉన్నది. మనకు కోరుకొన్నది వారికి నిరాకరిస్తే మనది హక్కుల ఉద్యమం కాజాలదు. కన్నడం మన పిల్లలు చక్కగా నేర్వవలసిన రాష్ట్రభాష, దానితో మనకు వైరం లేదు. తెలిసిన భాష నుండి తెలియని భాషకు మెట్టు వేయమనడమే మన కోరిక.

ఈ మార్గం చూపినవాడు మనవాడే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు, సవరల పిల్లలకు చదువు చెప్పాలని ముందుగా తానే సవరభాష నేర్చారు. ఆ భాషలో వాచకాలు వ్రాశారు, సవరలకు బడులు పెట్టించారు. బిడ్డ బడి భాష నేర్వకముందే గురువు బిడ్డ భాష నేర్వాలన్న సత్యాన్ని విశ్వవిద్యాలయ పరిశోధనలకు చాలాకాలం ముందే ఆయన ఆచరించి చూపారు. ఆయన పనిచేసిన పర్లాకిమిడి కూడా 1936లో గీత మారి ఒరిస్సాలో కలిసిన ఊరే.

కనుక మన కర్తవ్యం స్పష్టం. ప్రవేశ సమయంలో మాతృభాష గడిలో "తెలుగు" అని వ్రాయించండి. ఖాళీగా వదలిన గడి రేపు మనం లేమనడానికి సాక్ష్యమవుతుంది. తరగతికి 10 మంది ఉన్నచోట తల్లిదండ్రులందరూ కలసి అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకోండి. సంఖ్య చాలనిచోట మొదటి రెండు తరగతులకైనా తెలుగు తెలిసిన ఉపాధ్యాయుని కోరండి. గుల్బర్గా, హైదరాబాదు విశ్వవిద్యాలయాల పరిశోధకులను మన బడులకు ఆహ్వానిద్దాం. ఏడాదిపాటు చివరి బల్ల దగ్గర కూర్చుని, ఎవరిని పిలుస్తున్నారో, ఎవరిని దాటవేస్తున్నారో వ్రాయమందాం. లెక్క లేనిదే ప్రభుత్వం కదలదు. అయితే పిల్లవాడు ఎందుకు మాట్లాడడో ఆ లెక్క ఒక్కటే చెప్పలేదు. న్యాయస్థానం ముందు నిలబడిననాడు మనకు ఈ రెండు సాక్ష్యాలూ అవసరమే.