వెయ్యనివ్వని షాట్‌కి లెక్కేది?

1987-88 సీజన్‌లో మైకేల్ జోర్డాన్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఉత్తమ డిఫెండర్ అవార్డు అందుకున్నాడు. ఆ ఏడాది ఆయన ఖాతాలో 259 స్టీల్స్, అంటే ఎదుటివాళ్ల నుంచి బంతి లాక్కున్న సందర్భాలు, పడ్డాయి. 2024లో టామ్ హాబర్‌స్ట్రో అనే జర్నలిస్టు ఆ లెక్కను విడదీసి చూశాడు. షికాగోలో ఆడినప్పుడు మ్యాచ్‌కి సగటున నాలుగు స్టీల్స్, బయటి ఊళ్లలో రెండు పైచిలుకు. ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే అడ్డుకునే బ్లాక్స్‌లోనూ అదే తీరు. సొంత కోర్టులో ఎవరైనా కాస్త మెరుగ్గానే ఆడతారు, కానీ ఇంత తేడా ఆటలోంచే వచ్చిందంటే నేను నమ్మను. కోర్టు పక్కన కూర్చుని లెక్క రాసేది ఆతిథ్య జట్టు పెట్టుకున్న మనుషులు. బంతి జారినప్పుడు ఎవరి చెయ్యి తగిలి జారిందో తేల్చేదీ వాళ్లే.

జోర్డాన్ గొప్ప డిఫెండరే, అందులో నాకు సందేహం లేదు. ఆ లెక్క నిజాయితీగానే రాశారనుకున్నా, డిఫెన్స్‌లో అది కొలిచేది ఎంత అన్నదే నా ప్రశ్న.

ఎన్‌బీఏ స్టీల్స్, బ్లాక్స్ లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1973-74లో. బిల్ రసెల్ అంతకుముందే, 1969లో, ఆట మానేశాడు. ఆయన ఆడిన 13 సీజన్లలో బోస్టన్ 11 టైటిళ్లు గెలిచింది. అందులో ఆయన డిఫెన్స్ వాటా ఎంత పెద్దదో ఆటను ఎరిగినవాళ్లందరికీ తెలుసు, కానీ ఆయన బ్లాక్స్ ఎన్నో చెప్పే అధికారిక లెక్క ఒక్కటీ లేదు.

షేన్ బాటియర్ సంగతి ఇంకా ఆసక్తికరం. పాయింట్లు తక్కువ, రీబౌండ్లు తక్కువ, బ్లాక్స్ చెప్పుకోదగ్గవి కావు. అయినా ఆయన కోర్టులో ఉన్నంతసేపూ హ్యూస్టన్ జట్టు మెరుగ్గా ఆడేది, ఎదుటి జట్టు తడబడేది. 2009లో రచయిత మైకేల్ లూయిస్ ఆయన మీద రాసిన పెద్ద వ్యాసం ఈ చర్చను అభిమానుల్లోకి తెచ్చింది. కోబీ బ్రయంట్ షాట్‌కి లేచినప్పుడు బాటియర్ బంతి కోసం ఎగబడేవాడు కాదు. ఫౌల్ చెయ్యకుండా, కోబీ కళ్లకు అడ్డంగా అరచెయ్యి చాపేవాడు. అంతకుముందే అతన్ని తనకు ఇష్టమైన చోటికి పోనివ్వకుండా పక్కకి నెట్టేవాడు. షాట్ తప్పితే కోబీ ఖాతాలో ఒక మిస్ పడేది. బాటియర్ ఖాతాలో ఏమీ పడేది కాదు.

2013-14 నుంచి ప్రతి అరేనాలోనూ కెమెరాలు వచ్చాయి. షాట్ వేసినవాడికి ఎవరు ఎంత దగ్గరలో ఉన్నారో అవి అడుగులతో సహా చెబుతాయి. చిక్కు అక్కడే ఉంది. ఇలా ఊహించుకోండి. బంతి ఉన్నవాణ్ని కాపలా కాసే కుర్రాడు, ఎదుటి ఆటగాడు అడ్డంగా నిలబడి వేసిన స్క్రీన్‌కి తగులుకుని వెనకబడ్డాడు. రింగ్ కింద ఉన్న పొడుగాటివాడు బంతికి ఎదురెళ్లాడు. ఖాళీ అయిన చోటిని నింపడానికి మూల నుంచి మరొకడు లోపలికి పరిగెత్తాడు. బంతి అదే మూలకి వెళ్లింది. వాడు గసపెట్టుకుంటూ వెనక్కి వచ్చి చెయ్యి ఎత్తేలోపు మూడు పాయింట్లు పడిపోయాయి. కెమెరా లెక్కలో దోషి ఎవరు? ఆఖరున దగ్గరగా కనిపించినవాడు. తప్పు మొదటివాడిది కావచ్చు. అసలు ఎవరిదీ కాకపోవచ్చు, ఆ మూలని వదిలెయ్యమని కోచే చెప్పి ఉండొచ్చు. జట్టు పథకం తెలియకుండా ఎవరికీ తీర్పు చెప్పే హక్కు లేదు.

పైగా మూడు పాయింట్ల షాట్ వేశాక పడటం, పడకపోవడం చాలావరకు వేసినవాడి చేతిలోదే. డిఫెండర్ ప్రతిభ దాన్ని వెయ్యనివ్వకపోవడంలో ఉంది. గోల్డ్స్‌బెరీ, వైస్ అనే పరిశోధకులు 2013లో రింగ్ దగ్గరి డిఫెన్స్‌ని కొలిచినప్పుడు, అక్కడా వెయ్యనివ్వకపోవడం ఒక వేరే గుణమని తేలింది. లారీ శాండర్స్ దగ్గర వేసిన షాట్లు ఎక్కువగా తప్పేవి. డ్వైట్ హోవార్డ్ ఉంటే ప్రత్యర్థులు అటు రావడమే తగ్గించేవారు. ఈ రెండో గుణం పట్టుకోవడానికి ఎంత తెలివైన లెక్క కావాలో ఊహించుకోండి.

ఇది అభిమానుల కాలక్షేపపు చర్చ కాదు. ఉత్తమ డిఫెండర్ అవార్డు గెలిస్తే, మిగతా షరతులూ కుదిరితే, ఆటగాడు అతి పెద్ద కాంట్రాక్టుకి అర్హుడవుతాడు. రూడీ గోబేర్ అలా అర్హత పొందే 2020 డిసెంబరులో యూటాతో ఐదేళ్లకి 205 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అతను అందుకు తగినవాడే. కానీ బాటియర్ ఈ అవార్డు ఒక్కసారీ గెలవలేదు.

ఈ అవార్డుకి ఓటు వేసే జర్నలిస్టులకు నా మనవి ఇదే. ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడూ లేనప్పుడూ ఎదుటి జట్టు ఎన్ని పాయింట్లు చేసిందో ముందు చూడండి. ఆ తర్వాత ఆ జట్టు కోచ్‌లను అడగండి, వీడియో చూడండి. స్టీల్స్, బ్లాక్స్ పట్టిక అన్నిటికన్నా ఆఖరున తెరవండి.