కడసారి చూపుకు కోటా ఏది?

రైల్వే రిజర్వేషన్లలో అత్యవసర కోటా ఎవరికి దక్కుతున్నదన్న ప్రశ్న పార్లమెంటులో తరచు వస్తూనే ఉంటుంది. సమాధానమూ దాదాపు మారదు. మంత్రులు, న్యాయమూర్తులు, పార్లమెంటు సభ్యులు మున్నగువారి అవసరాలు తీరిన పిదప, మిగిలిన బెర్తులను ప్రయాణికుని అధికార హోదా, ప్రభుత్వ విధులు, కుటుంబంలో మరణం, అనారోగ్యం, ఉద్యోగ ఇంటర్వ్యూ వంటి కారణాలను బట్టి కేటాయిస్తారన్నది దాని సారాంశం. జాబితాలో మరణం ఉన్న మాట వాస్తవమే. అది ఏ వరుసలో ఉన్నదన్నదే విచారించవలసిన విషయం.

ఈ వరుస ప్రభావం ఢిల్లీలో కంటె ఖరగ్‌పూర్‌లో స్పష్టంగా తెలుస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నిర్మించిన ఆ పట్టణానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువారు కూలీలుగా, కార్ఖానా కార్మికులుగా తరలివెళ్లి తరతరాలుగా స్థిరపడ్డారు. 1927లో అక్కడి రైల్వే కార్మికుల సమ్మెకు సారథ్యం వహించిన వి.వి. గిరి 1969లో రాష్ట్రపతి అయినారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషగా గుర్తించడానికి ఖరగ్‌పూర్ తెలుగువారి సంఖ్యాబలమే ముఖ్య కారణం. ఇల్లు బెంగాల్లోనే అయినా, ముసలి తలిదండ్రులో, అన్నదమ్ములో స్వగ్రామంలో ఉన్న కుటుంబాలు అక్కడ అనేకం.

ఖరగ్‌పూర్ నుంచి విశాఖకు సుమారు 760 కిలోమీటర్లు. వేగంగా నడిచే రైలులో సగం రోజు ప్రయాణం. వేళకు బెర్తు దొరికితే తండ్రికి తలకొరివి పెట్టవచ్చు. అత్తవారింట ఉన్న కూతురు తల్లి ముఖం కడసారి చూసుకోవచ్చు. దొరకకపోతే, చేరేసరికి చితి ఆరిపోయి ఉంటుంది. మిగిలేవి చిన్నకర్మ, పెద్దకర్మ మాత్రమే.

ఒకప్పుడు మరణవార్త తంతి ద్వారా వచ్చేది. అది అందేసరికే ఆలస్యమయ్యేది కనుక నెపం తంతిపై పడేది. 2013 జూలైలో తంతి సేవ ముగిసింది. నేడు ఊపిరి ఆగిన మరుక్షణమే టెలిఫోను మోగుతుంది. వార్తకు వచ్చిన వేగం మనిషి ప్రయాణానికి మాత్రం రాలేదు.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు వార్త వచ్చిందనుకుందాం. మంగళవారం రైళ్ల తత్కాల్ టికెట్ల అమ్మకం ఆ ఉదయం పది, పదకొండు గంటలకే మొదలై ఉంటుంది. ఇక అత్యవసర కోటా. 2025 జూలైలో జారీ అయిన ఉత్తర్వు ప్రకారం, మధ్యాహ్నం రెండు గంటల లోపు బయలుదేరే రైళ్లకు అభ్యర్థన ముందురోజు పన్నెండు గంటలకే చేరాలి. తరువాతి రైళ్లకు ముందురోజు సాయంత్రం నాలుగు గంటలలోగా చేరాలి. చార్టు ముందుగా సిద్ధం కావాలన్న ఉద్దేశం మంచిదే. కాని ఒక రోజు ముందుగా తెలిసే అత్యవసరం అధికారి పర్యటన కావచ్చును, మరణం కాజాలదు.

సాధారణ బోగీ ఉన్నది కదా అని కొందరనవచ్చు. కాలు మోపే చోటు లేని ఆ బోగీలో ముసలివారూ పసివారూ ఎలా వెళ్లగలరు? ఆ బోగీ ప్రయాణికుల పేర్లు రిజర్వేషన్ చార్టులో ఉండవు. 2023 జూన్ 2న ఖరగ్‌పూర్ దాటి వచ్చిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ బహనాగా బజార్ వద్ద ప్రమాదానికి గురైనప్పుడు ఇందుకు ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో దేశం చూసింది. ఎవరివో తేలని 28 మృతదేహాలకు ఆ అక్టోబరులో భువనేశ్వర్‌లో అంత్యక్రియలు జరిపారు.

పరిష్కారం కష్టతరమైనది కాదు. ఖరగ్‌పూర్ వంటి స్టేషన్లలో దూరప్రయాణపు రైలు ఒక్కొక్కదానికి రెండు బెర్తులు బయలుదేరే వేళ వరకు స్టేషన్ అధికారి చేతిలో ఉంచాలి. సిఫార్సు లేఖతో నిమిత్తం లేకుండా, మరణ సందర్భంలో వచ్చినవారికి అక్కడికక్కడే ఇవ్వాలి. ఎవరూ రాకపోతే రైలులోనే వెయిటింగ్ లిస్టువారికి ఇస్తే రైల్వేకు పైసా నష్టం లేదు. దుర్వినియోగం జరగదా అంటే, 1969 నాటి చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజులలో నమోదు చేయించవలసిందే కనుక ధ్రువపత్రాన్ని రెండు నెలలలో సమర్పించాలని షరతు పెట్టవచ్చు. సమర్పించనివారిపై ఛార్జీకి పలు రెట్లు జరిమానా విధించవచ్చు. లాభాపేక్షతో నడిచే ఎయిర్ కెనడా సైతం ఆప్తుల మరణ సందర్భపు ప్రయాణానికి ప్రత్యేక ఛార్జీ ఉంచింది. ప్రజల సొమ్ముతో నడిచే రైల్వే అంతకంటె వెనుకబడవలసిన అవసరమేమిటి?

ఎంపీ ఇంటి ముంగిట నిలబడగలిగినవాడు తండ్రి చితికి అందుకుంటున్నాడు. నిలబడలేనివాడు అస్థికలకు అందుకుంటున్నాడు. సిఫార్సు లేఖలపై సంతకాలు చేసే సభ్యులకు ఈ సంగతి తెలియనిది కాదు. వారు రోజూ చేసే ఆ ఉపకారాన్ని ఒక్కసారి నిబంధనగా మార్పిస్తే, తమ గుమ్మం తొక్కలేని వేలమందికి మేలు చేసినవారవుతారు. తాతల చెమటతో సాగిన రైలుమార్గంలో రెండు బెర్తులు కోరడం ఖరగ్‌పూర్ తెలుగువారికి అత్యాశ కానేరదు.