సగం మూసుకుపోతే స్టెంటు తప్పదా?

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. సున్నం బట్టీలో గుమాస్తా. కొన్నాళ్లుగా మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతోంది, నిలబడితే తగ్గుతోంది. ఆంజియోగ్రాం తీసి గుండె రక్తనాళం ఒకటి 60 శాతం మూసుకుపోయిందన్నారు. ఒక డాక్టరుగారు స్టెంటు వేయాలన్నారు, మరొకరు మందులు చాలన్నారు. నగలు కుదువపెట్టి అయినా వేయిద్దామని నేను, వద్దని ఆయన. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పిడుగురాళ్ల

జవాబు: అమ్మా, తొందరపడి నగలు తీయకండి. చిక్కంతా ఆ 60 శాతంలోనే ఉంది. ఆంజియోగ్రాం రక్తనాళం ఎంత ఇరుకైందో చూపుతుంది గాని, గుండె కండరానికి రక్తం చాలినంత అందుతోందా లేదా అన్నది చెప్పలేదు. మీ సాగర్ కాలువ తూము కొంత పూడినా చివరి మడికి నీరందితే పైరు ఎండదు కదా!

దీన్ని తేల్చే పరీక్ష ఎఫ్.ఎఫ్.ఆర్. ఆంజియోగ్రాం మాదిరిగానే చేతి లేక తొడ రక్తనాళం గుండా, అర మిల్లీమీటరు కన్న సన్నని తీగను ఇరుకు దాటించి పంపుతారు. మందుతో రక్తప్రవాహాన్ని హెచ్చించి, ఇరుకుకు ముందు, దాటాక ఒత్తిడి కొలుస్తారు. ముందు 100, దాటాక 88 ఉంటే ఫలితం 0.88. అది 0.80 కన్న ఎక్కువైతే సాధారణంగా మందులు చాలు. 0.80 గాని, అంతకు తక్కువ గాని అయితే స్టెంటు వల్ల మేలుంటుంది. ఆ మందుకు ఒకటి రెండు నిమిషాలు ఆయాసం, ఛాతీ బిగువు కలగవచ్చు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి.

2009లో వెలువడిన ‘ఫేమ్’ పరిశోధనలో, ఒకటికి మించి రక్తనాళాలు ఇరుకైన 1005 మందిని పరిశీలించారు. ఆంజియోగ్రాం చూసి స్టెంట్లు వేసిన వారిలో ఏడాదిలోగా మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స వంటివి 18.3 శాతం మందికి ఎదురైతే, ఇలా కొలిచి వేసిన వారిలో 13.2 శాతమే. పైగా స్టెంట్లూ తక్కువే పట్టాయి.

కనుక ఏ రక్తనాళం ఇరుకైందో, ఈ పరీక్ష అవసరమో కాదో మీ గుండె డాక్టరును అడగండి. గుంటూరు వెళ్లినా, హైదరాబాదు వెళ్లినా ఆ ఆసుపత్రిలో ఈ సౌకర్యం ఉందో లేదో ముందే కనుక్కోండి.

మందులు చాలన్నారంటే జబ్బు లేదని కాదు. రాసిచ్చిన మాత్రలు మానకూడదు. బీడీ, సిగరెట్టు ఉంటే ఈ రోజే మానిపించండి. బి.పి., షుగరు అదుపులో ఉండాలి. కూర్చుని ఉండగానే నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా ఏ పరీక్ష కోసమూ ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. గుండెపోటులో కొలతలకు వ్యవధి ఉండదు.