సేవ కోసమే నియమం

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు కెంచనగుడ్డ. అది వరి పండే సీమ. తెలుగు, కన్నడం రెండూ వినిపించే సరిహద్దు ప్రాంతం. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని ఆంధ్రకు, సిరుగుప్ప మైసూరుకు వెళ్లాయి. ఇలాంటి చోట ఒక సేవా క్లబ్బు నిజంగా ఉపయోగపడాలంటే ఎలా ఉండాలి? పాఠకుల ముందు, ముఖ్యంగా యువత ముందు, మేము ఉంచుతున్న ప్రశ్న ఇది.

మనం చూస్తున్న క్లబ్బుల పద్ధతి పట్నంలో పుట్టింది. 1905లో షికాగోలో మొదలైన రోటరీ, 1917లో వచ్చిన లయన్స్ వ్యాపారుల, ఉద్యోగుల వీలును బట్టి ఏర్పడ్డాయి. క్రమం తప్పని సమావేశం, హాజరు పట్టీ, చందా. ఆ క్రమశిక్షణ వాటిని నూరేళ్లు నిలబెట్టింది. కానీ నాట్ల కాలంలో పొద్దు పొడవకముందే మడిలో దిగే కూలితల్లికి ఆ సమావేశంలో కుర్చీ లేదు. ఆమె పేరు లబ్ధిదారుల జాబితాలో ఉంటుంది, సభ్యుల జాబితాలో ఉండదు. ఏమి కావాలో ఆమెను అడగకుండానే దుప్పటి చేతిలో పెట్టి ఫోటో తీస్తాం.

మార్పు అసాధ్యమేమీ కాదు. మహిళలకు తలుపు తెరవడానికి రోటరీకి 1989 దాకా పట్టింది. అదే రోటరీ 2016లో నియమాలను సడలించింది. నెలకు రెండుసార్లు కలిస్తే చాలు, ఆన్‌లైన్‌లోనైనా కలవవచ్చు, చేసిన సేవా కార్యక్రమాన్నే సమావేశంగా లెక్కించవచ్చు అంది. అయితే అనుమతి కాగితం మీద ఉంటే సరిపోదు, స్థానిక క్లబ్బు దాన్ని వాడుకోవాలి.

పోలియో పనిలో మన దేశం ఇది చూసింది. చుక్కల కేంద్రానికి రాని పిల్లల కోసం కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. రైల్వే స్టేషన్లకు, ఇటుక బట్టీలకు వెళ్లారు. ప్రభుత్వ సిబ్బందితో పాటు రోటరీ సభ్యులూ ఆ పనిలో నిలిచారు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చింది. వలస వెళ్లే కుటుంబం మన దగ్గరకు రాదు, మనమే దాని దగ్గరకు వెళ్లాలి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నీరు పారుతుండగానే ఇంజనీర్లు అక్కడ తాత్కాలిక గేటు దించారు. అలాంటి రాత్రి, "వచ్చే సమావేశంలో తీర్మానం చేద్దాం" అనే క్లబ్బు ఏటి ఒడ్డు ఊళ్లకు ఏమి చేయగలదు?

అందుకే మా సూచనలు కొన్ని. నాట్లు, కోతల రోజుల్లో సమావేశాలు తగ్గించి, పనులు లేని నెలల్లో పెంచండి. చందా కట్టలేనివారి శ్రమను చందాగా లెక్కించండి. మాటలు, తీర్మానాలు రెండు భాషల్లోనూ సాగనివ్వండి. ఇద్దరు బాధ్యులు వెంటనే ఖర్చు చేయగల చిన్న అత్యవసర నిధి పెట్టి, తర్వాతి సమావేశంలో లెక్క చెప్పించండి. ఏటా ఒకసారి ఊరివారిని అడిగి, అక్కరలేని కార్యక్రమం ఒకటి మానేయండి.

వంగకూడనివీ ఉన్నాయి. లెక్కలు బహిరంగంగా ఉండాలి. పిల్లల భద్రత విషయంలో రాజీ ఉండకూడదు. కులాన్ని బట్టి కూర్చోబెట్టడం ఉండకూడదు. సాయాన్ని ఓటుకో మతానికో ఎరగా వాడకూడదు.

ఈ మాట మన సంఘాల యౌవనస్థుల కూటాలకూ వర్తిస్తుంది. యెరూషలేములో రోజువారీ ఆహారపు పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరిగినప్పుడు, అపొస్తలులు ఆ సణుగుడును అణచివేయలేదు. పద్ధతినే మార్చారు. పంపకం చూసేందుకు ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. నిర్లక్ష్యానికి గురైనవారి భాష తెలిసినవారి చేతికే బాధ్యత వెళ్లిందన్నమాట.

వచ్చే నెల మీ కూటం ఎక్కడ, ఏ వేళకు పెట్టాలో ఈసారి కూలికి వెళ్లే ఒక తల్లిని అడగండి. ఆమె చెప్పిన వేళకే పెట్టండి. మొదటి కుర్చీ ఆమెకే వేయండి.