మాటను కాదు, తయారీని నేర్పండి

ఉత్ప్రేరకం, విద్యుత్ వాహకం... టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివిన మాలాంటివాళ్లం ఇవన్నీ బట్టీపట్టాం. బీటెక్‌కి వచ్చేసరికి గాలికి పోయాయి. వీటిని మాటలుగా కాదు, మాట తయారయ్యే పద్ధతిగా నేర్పాల్సిందని నా అభిప్రాయం.

సంస్కృతంలో ‘కృ’ అనే ధాతువుంది. అర్థం, చేయడం. దీనికి పాణిని చేర్చే ప్రత్యయాల్లో కొన్ని అక్షరాలు మన కోడ్‌లో ఫ్లాగుల్లాంటివి. ఏం చెయ్యాలో చెప్పి తప్పుకుంటాయి. ‘ణ్వుల్’లో ‘వు’ ‘అక’ అవుతుంది. ‘ణ్’ ఉంది కాబట్టి కృ సాగి ‘కార్’ అవుతుంది: కారక. ‘ల్యుట్’లో ‘యు’ ‘అన’ అవుతుంది. ‘ణ్’ లేదు కాబట్టి ‘కర్’ దగ్గరే ఆగుతుంది: కరణ. ‘క్త’లోని ‘క్’ ధాతువును మార్చొద్దంటుంది: కృత. ‘వహ్’ అంటే మోయడం. ణ్వుల్ చేర్చండి, వాహక వస్తుంది. ఇక బట్టీ ఎందుకు?

ఇదేదో సంస్కృతానికే ఉన్న సొత్తు కాదు. మా ముదినేపల్లి వైపు పొలంలో కోత, చెరువులో చేపలకు మేత. కోయు, మేయు, ఈదు, రాయు. ‘త’ చేరితే కోత, మేత, ఈత, రాత. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో కృదంతాలకు ఏకంగా ఒక పరిచ్ఛేదమే ఇచ్చాడు. మనకది మార్కుల ప్రశ్నగానే మిగిలింది.

ఆ యంత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది. తెలుగు వికీపీడియాలో అప్‌లోడ్‌ని ‘ఎక్కింపు’ అంటారు. ఎక్కించు నుంచి వచ్చింది. పల్లెలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. బట్టీపట్టిన మాట పరీక్షతో పోతుంది. సూత్రం తెలిస్తే, రేపు మనం చేసే వస్తువుకి పేరూ మనమే పెట్టుకోగలం.