పాత కారుకు రంగు సాక్ష్యం కాదు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పాత కారు బేరం ఎక్కడ జరిగినా సాధారణంగా ఒకే కొలమానం వినిపిస్తుంది. కంపెనీ రంగు చెక్కుచెదరకుండా ఉంటే అది ప్రమాదం ఎరుగని బండి అనీ, ఏ తలుపుకో ఫెండరుకో మళ్లీ రంగు పడి ఉంటే అది దెబ్బ తిన్న బండి అనీ, అటువంటిదాన్ని వదిలేయాలి లేదా ధర బాగా దించి అడగాలి అనీ కొనేవారూ అమ్మేవారూ మధ్యవర్తులూ ఒక్కమాటగా చెబుతారు. ఈ నమ్మకం ఎంతగా నాటుకుందంటే, అమ్మకపు ప్రకటనల్లో ఇంజను స్థితి కన్నా ముందు ‘ఒరిజినల్ పెయింట్’, ‘నో టచప్’ అన్న మాటలే చోటు చేసుకుంటాయి. ఈ కొలమానం రెండు వైపులా తప్పు: మంచి బండ్లను చెడ్డవిగా చూపిస్తుంది, ప్రాణం మీదికి తెచ్చే బండ్లను మంచివిగా చూపిస్తుంది. అంతకన్నా పెద్ద హాని ఏమిటంటే, జరిగిన మరమ్మతును ఉన్నదున్నట్టు చెప్పిన అమ్మకందారు నష్టపోయి, దాచినవాడు లాభపడే సంతను ఈ నమ్మకమే నిలబెడుతోంది.

ముందుగా మళ్లీ రంగు పడిన బండి సంగతి చూడాలి. ఈ మెట్ట ప్రాంతంలో తిరిగే కారుకు ప్రమాదమన్నదే లేకుండా రంగు పాడయ్యే కారణాలు ఎన్నో ఉన్నాయి. ఊరి బాటలకు ఇరువైపులా పెరిగిన సర్కారు తుమ్మ కొమ్మలు తలుపుల పొడవునా గీతలు పెడతాయి. బత్తాయి తోటలకూ పత్తి చేలకూ పోయే బాటల్లో నాలుగేళ్లు తిరిగి ఆ గీతలు లేకుండా మిగిలిన కారు అరుదు. విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా, బెంగళూరు రహదారి మీద జడ్చర్ల నుంచి పెబ్బేరు దాకా, ముందు పోయే టిప్పర్ల చక్రాల కింది కంకర ఎగిరి బానెట్ అంచును చెక్కేస్తుంది. నీడ లేని చోట ఏళ్ల తరబడి ఎండకు నిలిపిన కారు పైకప్పు మీద క్లియర్‌కోట్, అంటే రంగును కాపాడే పారదర్శకమైన పై పూత, పొరలుగా లేచిపోతుంది. ఇవన్నీ టింకరింగు షెడ్డుకు పోయి రంగు వేయించుకోవలసిన బండ్లే గాని, వీటిలో ఒక్కదానికీ ప్రమాదంతో సంబంధం లేదు. యజమాని శ్రద్ధగా రంగు వేయించుకున్నందుకే ఆ బండిని అనుమానించడం శ్రద్ధను నేరంగా లెక్కకట్టడమే.

రెండో వైపు ఇంకా ప్రమాదకరమైనది. రంగు చెక్కుచెదరకపోవడం దెబ్బ తగలలేదనడానికి రుజువు ఎందుకు కాదో తెలియాలంటే కారు కట్టుబడి కొంత తెలియాలి. బొలెరో, స్కార్పియో వంటి బండ్లలో నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం విడిగా ఉండి దాని మీద బాడీ కూర్చుంటుంది. చిన్న కార్లలో, సెడాన్లలో అటువంటి విడి చట్రం ఉండదు. అడుగు పలక, పక్క పిల్లర్లు, పైకప్పు, ఇంజనుకు అటూ ఇటూ ముందుకు సాగే రెండు రైళ్లు, చక్రాల పైగోడలైన ఏప్రన్లు, అన్నీ వెల్డింగుతో ఒకటై ఆ శరీరమే బరువు మోస్తుంది. దీన్ని మోనోకాక్ నిర్మాణం అంటారు. ఈ శరీరానికి బయట బోల్టులతో బిగించినవి వేరు: బంపర్లు, బానెట్, ముందు ఫెండర్లు, తలుపులు, డిక్కీ తలుపు. వీటిని పానాతో విప్పి వేరేవి బిగించవచ్చు, దానివల్ల బండి బలం తగ్గదు. అయితే జనం అనుమానమంతా ఈ విప్పదగిన భాగాల మీదే ఉంది. విప్పడానికి వీలులేని భాగాల వైపు చూపు పోవడం లేదు.

ఎదురుగా గట్టిగా గుద్దుకున్న కారును షెడ్డులో బాగుచేసే తీరు చూస్తే ఈ లోపం స్పష్టమవుతుంది. నలిగిన బానెట్, ఫెండర్లు తీసేసి, పాత సామాన్ల అంగడి నుంచి అదే మోడలుకు, అదే రంగుకు చెందిన మరో కారు భాగాలు తెచ్చి బిగిస్తారు. వాటి మీద ఉన్నది కంపెనీ రంగే. రంగు మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులలో, కొలిచే మీటరును దాని మీద పెడితే కొత్త కారుకు ఉండవలసిన 100, 120 అంకెలే వస్తాయి. లప్పం పూసి రంగు కొట్టిన చోట ఆ అంకె అనేక వందలకు ఎగబాకుతుంది గనుక, తుమ్మ గీతకు తలుపు మీద రంగు వేయించుకున్న నిజాయితీపరుడి కారు ఆ పరీక్షలో ఓడిపోతుంది, రైళ్లు వంగి అతుకులేసుకున్న కారు నెగ్గుతుంది. పైగా చవకరకం మీటర్లు ఇనుము మీద మాత్రమే పనిచేస్తాయి. ప్లాస్టిక్ బంపరు మీద, అల్యూమినియం బానెట్ మీద అవి చెప్పేది ఏమీ లేదు. మీటరు పనికిమాలినదని కాదు. వెనుక చక్రం పైనున్న క్వార్టర్ ప్యానెల్, పైకప్పు, పిల్లర్లు వెల్డింగుతో అతికినవి గనుక అక్కడ వందల మైక్రాన్ల లప్పం కనిపిస్తే అది నిజంగా ఆలోచించవలసిన విషయం. తలుపు మీది రంగుకూ పిల్లరు మీది రంగుకూ ఒకే శిక్ష వేయడమే తప్పు.

చూడవలసిన సాక్ష్యం బానెట్ కింద ఉంది. కర్మాగారంలో రేకును రేకుతో కలిపేది స్పాట్ వెల్డింగు: రెండు రేకులను రాగి మొనల మధ్య నొక్కి విద్యుత్తు పంపితే చిన్న గుండ్రని గుంట పడుతుంది, అటువంటి గుంటలు ఇంచుమించు సమాన దూరంలో వరుసగా సాగుతాయి. ఏప్రన్ అంచున ఈ వరుస ఒక వైపు సజావుగా ఉండి, రెండో వైపు మాయమై ఆ చోట రాకిన రేకు మీద కొత్త రంగు గాని, గుబురుగా ఉబ్బిన వెల్డింగు గీత గాని ఉంటే, ఆ వైపు కోసి అతికినట్టే. రేకుల కీలు మీద నీరు దిగకుండా పూసే సీలెంటు యంత్రం పూసినప్పుడు సమంగా సాగుతుంది, చేతితో పూసినది వేలిముద్రలతో ఎగుడుదిగుడుగా ఉంటుంది. బానెట్ కీలు బోల్టుల తలల మీది రంగు పగిలి ఉంటే పానా పడిందని తెలుస్తుంది. అది బానెట్ విప్పారని మాత్రమే చెబుతుంది, ఎందుకు విప్పారో చెప్పదు. డిక్కీలో స్టెప్నీ కింది గుంతలో రేకు ముడతలు పడి ఉంటే వెనుక నుంచి బలంగా తగిలిందని అర్థం, ఎందుకంటే ఆ లోపలి ముడతలను సాపు చేయడానికి షెడ్డులో ఎవరూ శ్రమపడరు. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటీ విడిగా తీర్పు చెప్పదు. ముందు అద్దం మీది తయారీ గుర్తు మిగిలిన అద్దాలతో కలవకపోతే దానికి కారణం లారీ చక్రం ఎగరేసిన ఒక రాయి కావచ్చు. కుడి ఎడమలను పోల్చి, గుర్తుకు గుర్తు జోడించి చదివినప్పుడే సంగతి బయటపడుతుంది.

లోపలి వెల్డింగు మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. బండి ఢీకొన్నప్పుడు ముందు రైళ్లు ఒక నిర్ణీత క్రమంలో నలిగి, ఆ దెబ్బ లోపలివారి దాకా రాకుండా మింగేసేలా రూపొందిస్తారు. పిల్లర్లను మాత్రం నలగకుండా నిలబడేలా, చాలా మోడళ్లలో అత్యంత దృఢమైన ఉక్కుతో చేస్తారు. ఒకసారి మడతపడిన రైలును లాగి సాపు చేస్తే అది రెండోసారి అదే క్రమంలో నలగదు. గట్టి ఉక్కు పిల్లరును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంపు తీస్తే ఆ ఉక్కు బలం పోతుంది. రంగు దిద్దిన తరువాత రెండూ కొత్తవాటిలాగే కనిపిస్తాయి. ఎయిర్‌బ్యాగు సంగతీ ఇంతే. అది ఒక్కసారి మాత్రమే తెరుచుకునే సాధనం. తెరుచుకున్నదాన్ని మార్చడం ఖరీదు గనుక స్టీరింగు మూత మాత్రం కొత్తది బిగించి లోపల ఖాళీగా వదిలేసే మోసం ప్రపంచమంతటా తెలిసినదే. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద వెలిగి, కొన్ని క్షణాలకు ఆరిపోవలసిన ఎయిర్‌బ్యాగు దీపం అసలు వెలగకపోయినా, వేరే దీపంతో కలిసి ఆరినా ఆ బండిని స్కానరు పెట్టకుండా కొనకూడదు. ఏ మీటరూ కొలవని ఈ లోపం ముందు తలుపు మీది టచప్ ఏపాటిది?

వరద నీటిలో మునిగిన కారును చూస్తే రంగు వాదం పూర్తిగా కూలిపోతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచాయి. నల్లగొండ జిల్లాను చీల్చుకుంటూ పోయే రహదారికి ఒక కొస హైదరాబాదు, మరో కొస విజయవాడ. నీట మునిగిన కారు రంగు మీద ఒక్క మైక్రాను తేడా రాదు, కాని వైర్ల కీళ్లలో, కంట్రోల్ యూనిట్లలో చేరిన తడి, ఒండ్రు నెలల తరువాత బ్రేకుల సెన్సార్లనూ ఎయిర్‌బ్యాగు వ్యవస్థనూ దెబ్బ తీస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే మరక, సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద ఎండిన ఒండ్రు చెప్పే ఈ కథను ‘ఒరిజినల్ పెయింట్’ అన్న ప్రకటన నిజాయితీగానే దాచిపెడుతుంది.

ఈ నమ్మకాన్ని సమర్థించేవారి వాదం ఒకటి బలమైనదే. మామూలు మనిషి వెల్డింగు చుక్కలు లెక్కపెట్టలేడు, రంగు తేడా మాత్రం పగటి వెలుతురులో పట్టుకోగలడు, కాబట్టి చేతనైన పరీక్షే మేలు అని వారంటారు. చేతనైనంత మాత్రాన పరీక్ష సరైనది కాదు. తప్పు చోట వెతికి తేలికపడిన మనసు సరైన చోట వెతకడం మానేస్తుంది. మరికొందరు బీమా కాగితంలో నో క్లెయిమ్ బోనస్ ఉంటే చాలంటారు. ఆ రాయితీ 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరుగుతుంది గాని, అది యజమానిదే తప్ప బండిది కాదు. అది చెప్పేది క్లెయిము చేయలేదని, దెబ్బ తగలలేదని కాదు. క్లెయిము జోలికి పోకుండా సొంత డబ్బుతో బాగుచేయించుకున్నవారు ఎందరో ఉంటారు.

అర్థశాస్త్రవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల సంతనే ఉదాహరణగా తీసుకుని, కొనేవాడు మంచిచెడ్డలను వేరుచేయలేని చోట మంచి సరుకు తన ధర రాక సంత వదిలి పోతుందని, చెడ్డదే మిగులుతుందని వివరించాడు; 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. రంగు కొలమానం సరిగ్గా ఈ పనే చేస్తోంది. ఇతర దేశాలు ఈ చిక్కును గుర్తించి గీతను సరైన చోట గీశాయి. జపాన్‌లో ఒక కారును ‘మరమ్మతు చరిత్ర గలది’ అనాలంటే పిల్లర్లు, అడుగు పలక, చట్రం వంటి నిర్మాణ భాగాలు దెబ్బ తిని బాగుపడి ఉండాలి. బోల్టులతో బిగించే తలుపు, ఫెండరు, బానెట్ మార్చినంత మాత్రాన ఆ ముద్ర పడదు. బ్రిటన్‌లో బీమా సంస్థలు వదిలేసినా మళ్లీ బాగుచేసుకోదగిన కార్లను 2017 అక్టోబరు నుంచి నిర్మాణం దెబ్బతిన్నవి, దెబ్బతిననివి అని రెండుగా విభజిస్తున్నారు.

మన దగ్గర సమాచారం లేక కాదు, అది కొనేవాడి చేతికి రాక ఈ దుస్థితి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే ఆ కారును పూర్తి నష్టం కింద లెక్కగడతారు. ఆ శిథిలం వేలంలో అమ్ముడవుతుంది, అందులో కొన్ని మళ్లీ రోడ్డెక్కుతాయి. దేశంలోని మోటారు బీమా వివరాలను పోగుచేసే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో, బీమా నియంత్రణ సంస్థ రెండూ హైదరాబాదులోనే ఉన్నాయి. కేంద్రం 2022 డిసెంబరులో ప్రకటించి 2023 ఏప్రిల్ నుంచి అమలుచేస్తున్న నిబంధనలు పాత వాహనాల డీలర్లకు అనుమతి పత్రం తప్పనిసరి చేసి, బండి ఎవరి స్వాధీనంలో ఉందన్న చిక్కును తీర్చాయి. వాటి దృష్టి యాజమాన్యం మీద, బాధ్యత మీద నిలిచింది గాని బాడీ చరిత్ర మీద నిలవలేదు. ఛాసిస్ నంబరు కొడితే ఆ బండి మీద ఎప్పుడు, ఎంత నష్టానికి, ఏ భాగాలకు క్లెయిము చెల్లించారో కొనేవాడికి కనిపించే ఏర్పాటు చేయడం ఆ బ్యూరో, బీమా నియంత్రణ సంస్థల బాధ్యత.

చట్టం కూడా ‘చూసుకోవలసింది కొనేవాడే’ అన్న నానుడి దగ్గరే ఆగిపోలేదు. 1872 నాటి ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన విషయాన్ని ఎదుటివారిని మోసగించే ఉద్దేశంతో చురుకుగా కప్పిపుచ్చడం మోసమే. ఊరకే చెప్పకపోవడం సాధారణంగా మోసం కాదు గాని, కోసి అతికిన రైలు మీద సీలెంటు పూసి పాతదిలా కనిపించేలా మసి రుద్దడం మౌనం కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ సైతం, వ్యాపారి అమ్మే సరుకును కొనేవాడు పరీక్షించి ఉంటే ఆ పరీక్షలో తేలవలసిన లోపాలకే వ్యాపారి బాధ్యతను తప్పిస్తుంది, పరీక్షకు అందని లోపాలకు కాదు. ఈ హక్కులు నిలబడాలంటే అమ్మేటప్పుడు చెప్పిన మాట కాగితం మీద ఉండాలి. నేడు బండి చేతులు మారేటప్పుడు రాసుకునే డెలివరీ నోటులో తేదీ, గంట, ఆ క్షణం వరకు చలాన్లు, కేసులు ఎవరివన్న సంగతి జాగ్రత్తగా రాస్తారు, బాడీ గురించి ఒక్క ముక్క రాయరు. అదే కాగితం మీద మరో మూడు వాక్యాలకు చోటుంది: ఏ భాగాలు మార్చారు, వెల్డింగు ఎక్కడ పడింది, బండి ఎప్పుడైనా నీట మునిగిందా లేదా. తలుపుకు రంగు వేయించానని అక్కడ రాసి సంతకం చేసిన అమ్మకందారుకు ధర తగ్గించవలసిన పనిలేదు. రంగు అసలుదేనని చెబుతూ ఆ మూడు వాక్యాలు రాయడానికి వెనుకాడేవాడి బండికి మాత్రం ఏ ధరా సరైనది కాదు.